దేవునిపై విశ్వాసమా, దేవునికి విశ్వాసమా?

సందేహం: మా సంఘంలో యువజన కూడికకు 'మనుషుల మెప్పు వద్దు, దేవునికి విశ్వాసంగా ఉందాం' అని ఫ్లెక్సీ వేయించాం. సంఘపెద్ద ఒకాయన చూసి, 'దేవునికి విశ్వాసం ఏంటయ్యా, దేవునిపై విశ్వాసం అనాలి' అన్నారు. 'విశ్వాసంగా' అంటే కుక్క గుర్తొస్తోందని పిల్లలు నవ్వారు. దిద్దించాలా?

సమాధానం: దిద్దించండి, కానీ ఆయన చెప్పినట్టు కాదు. 'పై, మీద, యందు' చేరితే విశ్వాసం అంటే నమ్మడం. 'కి, పట్ల' చేరితే నమ్మినవాణ్ణి విడిచిపెట్టకపోవడం. మొదటిదాంట్లో నమ్మేది నేను. రెండోదాంట్లో నన్ను నమ్మవచ్చా అన్నది ప్రశ్న. 'దేవునిపై' అని మారిస్తే వ్యాకరణం బాగానే ఉంటుంది, మీరు చెప్పదలచుకున్నదే ఎగిరిపోతుంది.

పిల్లల నవ్వులోనూ న్యాయం ఉంది. కుక్కకు విశ్వాసం ఎక్కువ అంటాం. అన్నం పెట్టిన చేతిని మరవదని ఆ మాట. విశ్వాసఘాతకుడు అన్నప్పుడూ అదే అర్థం. బయటి తెలుగులో ఈ రెండర్థాలూ వాడుకలోనే ఉన్నాయి. చర్చిలో మాత్రం 'విశ్వాసి' అన్న మాట గట్టిగా నాటుకుపోయి, నమ్మడం అన్న అర్థమే ముందుకొస్తుంది. కొత్త నిబంధన మూలభాష గ్రీకు. అందులో విశ్వాసానికి వాడిన 'పిస్తిస్' కూడా ఇలాంటి జంట అర్థాల మాటే. గలతీ 5:22లో ఆత్మఫలాల వరసలో మన బైబిలు 'విశ్వాసము' అనే పెట్టింది. అక్కడ నమ్మకత్వం అన్న అర్థమే సరిపోతుందని నా అభిప్రాయం.

అందుకని 'దేవునికి నమ్మకంగా ఉందాం' అనండి. హెబ్రీ 3:2లో యేసు గురించి 'తన్ను నియమించిన వానికి నమ్మకముగా ఉండెను' అని ఉంది. విభక్తి కూడా మీరు రాసిన 'కి'యే! 'నమ్మకంగా చెప్పాడు' అంటే వేరే అర్థం వస్తుంది గానీ, 'ఉండు'తో కలిపితే ఆ తికమక ఉండదు. కీర్తనల్లోని 'విశ్వాస్యత' మంచి మాటే, ఫ్లెక్సీకి బరువు.

'మరణమువరకు నమ్మకముగా ఉండుము' అని ప్రకటన 2:10లో ఉన్నది స్ముర్న సంఘానికి చెప్పిన మాట. ఇప్పటి టర్కీలోని ఇజ్మీర్ ఆ ఊరే. రెండో శతాబ్దంలో అక్కడి బిషప్పు పోలికార్పును పట్టుకొచ్చి, క్రీస్తును దూషిస్తే వదిలేస్తామన్నారు. 86 ఏళ్లుగా ఆయనకు సేవ చేస్తున్నాను, నాకు ఏ కీడూ చేయలేదు, నా రాజును ఎలా దూషించను అన్నాడు ఆ ముసలాయన. అప్పుడు రోమా అధికారి 'జనాన్ని ఒప్పించుకో' అన్నాడు. పోలికార్పు ఒప్పుకోలేదు, ప్రాణం పోయింది. గ్రీకులో ఆ 'ఒప్పించు' అన్న క్రియే గలతీ 1:10లోనూ ఉంది. తెలుగులో దాన్ని 'మనుష్యుల దయను సంపాదించుకొన' అని చేశారు. పిస్తిస్ పుట్టింది కూడా ఆ ధాతువు నుంచే. ఒకే వేరు, ఒక కొమ్మ జనం వైపు, ఒకటి దేవుని వైపు.

ఇక 'మెప్పు'. దాన్ని కదిలించకండి. 'మెచ్చు' నుంచి వచ్చిన అచ్చతెలుగు మాట. యోహాను 12:43లో 'దేవుని మెప్పుకంటె మనుష్యుల మెప్పును' అనే ఉంది. 'మనుషుల్ని సంతోషపెట్టవద్దు' అని రాసి ఉంటే నేనే అడ్డుపడేవాణ్ణి. పొరుగువాణ్ణి మంచి విషయంలో సంతోషపరచాలని రోమా 15:2 చెబుతోంది. తప్పు సంతోషపెట్టడంలో లేదు, మెప్పు కోసం చేయడంలో ఉంది. ఎఫెసీ 6:6లో 'కంటికి కనబడుటకే' అన్నది ఆ రకం. మేస్త్రీ చూసినంతసేపే తాపీ ఆడటం లాంటిది.

మార్చాల్సింది ఒక్క మాటే కాబట్టి మీద స్టిక్కర్ అంటిస్తే చాలు. పెద్దాయన నొచ్చుకుంటారేమోనని మొహమాటపడి 'దేవునిపై' అని మాత్రం దిద్దకండి. మీ ఫ్లెక్సీ వద్దంటున్నది దాన్నే కదా!