గుమ్మం ముందు చెత్త కవర్లు, మెట్ల కింద డ్రమ్ము

ప్రశ్న: మాది నిజాంపేటలో అయిదంతస్తుల అపార్ట్‌మెంట్, 20 ఫ్లాట్లు. రాత్రిపూట అందరూ చెత్త కవర్లు ముడేసి గుమ్మం బయట పెట్టేస్తారు. పొద్దున వాచ్‌మన్ భార్య వచ్చి తీసుకెళ్లేలోపు పిల్లి చింపేస్తుంది, చీమలు పడతాయి, కారిడార్లో నీళ్లు కారతాయి. మీటింగులో అడిగితే గొడవే. మెట్ల కింద పెద్ద డ్రమ్ము పెట్టి అన్నీ అందులోనే వేద్దాం, ఆమే వేరు చేస్తుందిలే అంటారు ప్రెసిడెంటుగారు. ఈలోపు కంపోస్టు మెషీన్లు అమ్మే అతను వచ్చి, కొత్త చట్టం ప్రకారం ప్రతి అపార్ట్‌మెంటూ మెషీన్ కొనాల్సిందే, లేకపోతే ఫైన్ పడుతుందని టెన్షన్ పెట్టాడు. రేటేమో లక్షల్లో ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: డబ్బుతో పని కాబట్టి ముందు మెషీన్ సంగతి తేల్చేద్దాం. కొనకండి. అతను చెప్పిన చట్టం ఉన్నమాట నిజమే. 2026 ఏప్రిల్ 1 నుంచి ఘన వ్యర్థాల నిర్వహణకు కొత్త నియమాలు అమల్లోకి వచ్చాయి. కానీ తడి చెత్త సంగతి తామే చూసుకోవాలన్న బాధ్యత అందులో భారీగా చెత్త వచ్చే చోట్ల మీదే పెట్టారు. రోజుకు 100 కిలోల చెత్త, లేదా 40,000 లీటర్ల నీటి వాడకం, లేదా 20,000 చదరపు మీటర్ల కట్టడం, వీటిలో ఏదో ఒకటి ఉంటేనే ఆ లెక్కలోకి వస్తారు. మీ 20 ఇళ్లలో 80 మంది ఉన్నారనుకుందాం. మనిషికి రోజుకు అరకిలో వేసుకున్నా 40 కిలోలే. నీళ్లు మనిషికి 135 లీటర్ల చొప్పున చూసినా 11 వేలు దాటవు. మీకు వర్తించేది అదే నియమాల్లోని ఇంకో సంగతి: చెత్తను ఇంట్లోనే నాలుగు రకాలుగా విడదీసి ఇవ్వాలి. తడి, పొడి, శానిటరీ, ఇక బల్బులు, మందుల్లాంటి ప్రత్యేక జాగ్రత్త కావాల్సినవి.

అందుకే డ్రమ్ము ఆలోచనకు నేను ఒప్పుకోను. శానిటరీ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైనవాణ్ని, కలిసిపోయిన చెత్తను తర్వాత వేరు చేయడమంటే ఏమిటో దగ్గరుండి చూశాను. సాంబారు అన్నంలో నానిన పేపర్ని ఏ పాత సామాన్లవాడూ కొనడు. పగిలిన గ్లాసు ముక్క చెయ్యి తెగేదాకా కనపడదు. చంటిపిల్లల డయపర్లు విప్పుకుపోయి పప్పులో కలిసిపోయి ఉంటాయి. ‘ఆమే వేరు చేస్తుంది’ అన్న పెద్దమనిషిని ఒక్క పూట ఆ డ్రమ్ము ముందు కూర్చోమనండి, తీర్మానం తనే వెనక్కి తీసుకుంటారు.

మీ కారిడార్లో కంపుకూ కారే నీళ్లకూ కారణం ఒకటే. తడి చెత్తను నీళ్లతో సహా ప్లాస్టిక్ కవర్లో వేసి ముడేస్తున్నారు. గాలాడక అది లోపలే కుళ్లుతుంది. మిగిలిపోయిన చారు, మజ్జిగ సింకులో జాలీ పెట్టి వంచేయండి, గట్టిగా ఉన్నదే డబ్బాలో వేయండి. అడుగున పాత దినపత్రిక మడిచి వేస్తే కవరుతో పనే లేదు. మూత ఉన్న ఆ డబ్బా రాత్రంతా ఇంట్లోనే ఉండాలి, గుమ్మం బయట కాదు. ఎవరి చెత్త వాసన వాళ్లకే వస్తే నీళ్లు వంచే అలవాటు చాలా తొందరగా వస్తుంది!

ఇక టైము. చెత్త ఆటో ఎప్పుడొస్తుందో మీ కమిటీ కంటే వాచ్‌మన్ భార్యకే బాగా తెలుసు. ఆమెనే అడిగి, దానికి కాస్త ముందు ఆమె బకెట్లతో పై అంతస్తు నుంచి కిందికి వచ్చేలా పెట్టుకోండి. బెల్లు కొట్టగానే ఎవరి డబ్బా వాళ్లు బకెట్లో వంపాలి. తెల్లారగట్లే ఆఫీసుకెళ్లేవాళ్లు కవరు కాకుండా మూత డబ్బానే బయట పెట్టి వెళ్లొచ్చు. పొడి చెత్త రోజూ ఇవ్వాల్సిన పని లేదు, వారానికి రెండుసార్లు చాలు. అయితే పాల ప్యాకెట్లు కడిగి ఆరబెట్టాలి, లేకపోతే అదీ కంపే. ప్యాకెట్ మూల కత్తిరించేటప్పుడు పూర్తిగా తెంపేయకుండా కాస్త వేలాడనివ్వండి. ఆ చిన్న ముక్క విడిపోతే ఎవరి చేతికీ చిక్కదు, కాలువల్లోకి చేరుతుంది.

ప్యాడ్లు, డయపర్లు పేపర్లో చుట్టి, పైన ఎర్ర పెన్నుతో ఒక గుర్తు పెట్టి విడిగా చేతికివ్వండి. గాజు ముక్కలు, బ్లేడ్లు అట్టపెట్టెలో పెట్టి పైన రాయండి. ట్యూబ్‌లైట్లు, బ్యాటరీలు, పాత మందుల కోసం పార్కింగులో పిల్లలకు అందని చోట అందరికీ కలిపి ఒక పెట్టె చాలు. అది ఏ రోజు తీసుకుంటారో ఆటో వాళ్లతో ముందే మాట్లాడుకోండి. వినాయక చవితి పత్రి, పూలు తడి చెత్తే, కానీ దారాలూ కవర్లూ తీసేశాకే. ఫంక్షన్లలో వాడే వెండిరంగు పూత విస్తళ్లు మాత్రం తడి చెత్త కాదు, మెతుకులు దులిపి పొడి చెత్తలో వేయాలి.

వినని ఇల్లు ఒకటో రెండో ఉంటుంది. ఫ్లాట్ నంబరుతో ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి. ఆ తర్వాత గొడవ చెత్త గురించి కాదు, పరువు గురించి అవుతుంది. మీరూ ఆ అంతస్తులో ఇంకొకరూ కలిసి వెళ్లి ఎదురుగా చెప్పండి. అద్దెకున్న బ్యాచిలర్ కుర్రాళ్లకైతే చాలాసార్లు ఎవరూ ఏమీ చెప్పి ఉండరు, ఓనరు తాళాలిచ్చి వెళ్లిపోయి ఉంటాడు. వాళ్ల పార్సిల్ డబ్బాల్లో మిగిలిన గ్రేవీ కడగమని చెబితే చాలావరకు వింటారు.

వాచ్‌మన్ భార్యకు నెలకెంత ఇస్తున్నారో మీరు రాయలేదు. అయిదంతస్తులు బకెట్లు మోయాలంటే లిఫ్టు వాడుకోనివ్వాలి. కొన్ని చోట్ల దానికీ అభ్యంతరం చెబుతారు, విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. రబ్బరు గ్లవ్సు, మూతల బకెట్లు అసోసియేషనే కొనిపెట్టాలి. పెంచే జీతం కూడా మెయింటెనెన్సులో కలిపేయండి, ఇంటింటికీ తిరిగి వసూలు చేసుకోమని ఆమెను పంపకండి.