వెండి, కాంపోజిట్, సిమెంట్: రెండు పళ్ళ మధ్య పుచ్చుకి ఏ ఫిల్లింగ్ వేయించుకోవాలి?

కింది దవడలో పక్కపక్కనే ఉన్న రెండు పళ్ళ మధ్య పుచ్చు పట్టిందనీ, డాక్టర్ వెండి, పంటి రంగు, సిమెంట్ అని మూడు రకాలు చెప్పి "మీ ఇష్టం" అన్నారనీ రాశారు. ఇంకో పంటికి ఉన్న పాత వెండి ఫిల్లింగ్‌లో పాదరసం ఉంటుందని విని దాన్ని కూడా తీయించేయాలా అని అడిగారు. నేను డెంటిస్టును కాను కానీ, ఈ మూడు రకాలూ నా నోట్లో ఉన్నాయి. చాలా ఏళ్ళుగా వాటితోనే నములుతున్నాను. మూడింటిలో ఏది గొప్పదని పోల్చుకుంటూ కూర్చుంటే తేలదండి. పుచ్చు ఎక్కడుంది, ఎంత లోతుకి పోయింది, పని జరుగుతున్నంతసేపూ అక్కడికి ఉమ్మి చేరకుండా ఆపగలరా, వీటిని బట్టే తేలుతుంది.

ముందు పంటి రంగు ఫిల్లింగ్, అంటే కాంపోజిట్ గురించి చెప్తాను. మీ డాక్టర్ దానివైపే మొగ్గు చూపుతున్నట్టు మీరు రాసినదాన్ని బట్టి అనిపించింది. ఇది రెజిన్‌లో, అంటే ఒక రకం ప్లాస్టిక్ పదార్థంలో, సన్నటి గాజు పొడి కలిపిన ముద్ద. పుచ్చు తీశాక పంటికి కాసేపు యాసిడ్ జెల్ రాసి కడుగుతారు. దాంతో ఎనామెల్ (పంటి పైనుండే గట్టి పొర) మీద కంటికి కనిపించనంత గరుకు వస్తుంది. దాని మీద బాండింగ్ (అతికించే) ద్రవం పూసి, ముద్దను సుమారు రెండు మిల్లీమీటర్ల పొరలుగా పెడుతూ ఒక్కో పొరనీ నీలి లైటుతో గట్టిపరుస్తారు. పొరలుగా ఎందుకంటే, లైటు లోతుకి సరిగా వెళ్ళదు. పైగా గట్టిపడేటప్పుడు ఈ ముద్ద కొద్దిగా కుంచించుకుంటుంది. ఒకేసారి నింపేస్తే అంచు దగ్గర సందు ఏర్పడవచ్చు. యాసిడ్ కడిగిన తర్వాత ఆ చోట ఒక్క చుక్క ఉమ్మి తగిలినా బాండింగ్ బలం పడిపోతుంది. ఈ సంగతి నాకు ఎవరూ ముందు చెప్పలేదు.

నా మొదటి కాంపోజిట్ సరిగ్గా మీకు వచ్చిన చోటే, రెండు దవడ పళ్ళ మధ్య. చెంపకీ పంటికీ మధ్య దూది చుట్టలు కుక్కి, చకచకా పని ముగించారు. చూడటానికి అందంగానే ఉంది. కొన్ని నెలలకే భోజనం చేసిన ప్రతిసారీ ఆ సందులో ఏదో ఒకటి ఇరుక్కోవడం మొదలైంది. ఫ్లాస్ (పళ్ళ సందులు శుభ్రం చేసే దారం) పెడితే కొంచెం కూడా పట్టు లేకుండా జారిపోయేది. పక్క పంటికి తగలాల్సిన చోట ఫిల్లింగ్ తగలట్లేదన్నమాట. తిండి ఇరుక్కుని చిగురు వాచేది, నొక్కితే రక్తం వచ్చేది. చివరికి ఎక్స్-రేలో ఫిల్లింగ్ కింద మళ్ళీ పుచ్చు కనిపించింది.

రెండోసారి వేరే డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ మొదట రబ్బర్ డ్యామ్ వేశారు. పలచటి రబ్బరు షీటుకి కన్నాలు పెట్టి, పని చేయాల్సిన పళ్ళు మాత్రమే బయటికి వచ్చేలా నోటికి అడ్డంగా బిగించడం. మొదట ఊపిరాడదేమో అని టెన్షన్ పడ్డాను కానీ ముక్కుతో హాయిగానే పీల్చుకోవచ్చు. ఆ తర్వాత వంపు ఉన్న సన్నటి లోహపు రేకు పన్ను పక్కన దింపి, కింద చిగురు దగ్గర చిన్న చెక్క వెడ్జ్ దోపి, పైన ఒక స్ప్రింగ్ రింగు పెట్టారు. ఆ రింగు రెండు పళ్ళనూ కాస్త ఎడంగా నెడుతుంది. కాసేపు గట్టిగా ఒత్తినట్టు ఉంటుంది. అది తీసేయగానే పళ్ళు తిరిగి దగ్గరై ఫిల్లింగ్‌ని బిగించి పట్టుకుంటాయి. కుర్చీలోంచి లేచేలోపే ఆవిడ ఫ్లాస్ పెట్టి లాగి చూపించారు. 'టక్' మని పట్టి దిగింది. ఆ ఫిల్లింగ్ ఇప్పటికీ గట్టిగా ఉంది. రెండుసార్లూ వాడింది కాంపోజిట్టే, తేడా అంతా చేసిన పద్ధతిలోనే ఉంది.

ఇక వెండి ఫిల్లింగ్. దీన్ని అమాల్గమ్ అంటారు. బరువులో దాదాపు సగం పాదరసం, మిగతాది వెండి, తగరం, రాగి. నూట యాభై ఏళ్ళకు పైగా వాడుకలో ఉంది. కొద్దిపాటి తడిని తట్టుకుంటుంది, నమిలే ఒత్తిడికి బాగా ఆగుతుంది. వెనక పళ్ళలో కాంపోజిట్‌నీ అమాల్గమ్‌నీ పోల్చిన కాక్రేన్ సమీక్షలో (ఒక అంశం మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసే నివేదిక) కాంపోజిట్‌లు పాడయ్యే అవకాశం దాదాపు రెట్టింపు అని తేలింది. దానికి ఆధారమైన ప్రధాన అధ్యయనాలు పిల్లల శాశ్వత దంతాల మీద చేసినవి కాబట్టి అదే లెక్క పెద్దవాళ్ళకి యథాతథంగా పట్టించలేం. అమాల్గమ్‌తో ఇబ్బంది ఏమిటంటే అది పంటికి అతుక్కోదు. లోపల వెడల్పుగా, పైన ఇరుకుగా చెక్కి ఇరికించాలి. అందుకోసం కొంత మంచి పన్ను కూడా పోతుంది. రంగు సంగతి సరేసరి.

పాదరసం గురించి మీ భయం అర్థం చేసుకోగలను. నాకు కాలేజీ రోజుల్లో వేసిన వెండి ఫిల్లింగ్ చివరి దవడ పంటికి నల్లగా అలాగే ఉంది, నేనూ ఇదే ప్రశ్న అడిగాను. డాక్టర్ సూది లాంటి పరికరంతో అంచు చుట్టూ తడిమి చూసి, ఎక్స్-రే తీసి, "ఎక్కడా సందు లేదు, కదపొద్దు" అన్నారు. అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2020లో చెప్పింది కూడా ఇదే: బాగున్న అమాల్గమ్‌ని తీయించొద్దు. తీసేటప్పుడు పాదరసం ఆవిరి తాత్కాలికంగా ఎక్కువ వెలువడుతుంది, దాంతోపాటు మంచి పన్ను కూడా కొంత పోతుంది. అయితే కొత్తగా వేయించుకునేటప్పుడు గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు, కిడ్నీ జబ్బు లేదా నరాల జబ్బు ఉన్నవాళ్ళు వీలైనంతవరకు వేరే రకానికి వెళ్ళాలని కూడా అదే చెప్పింది. పర్యావరణంలోకి పాదరసం చేరకూడదన్న ఉద్దేశంతో యూరోపియన్ యూనియన్ 2025 జనవరి నుంచి, వైద్యపరంగా తప్పనిసరైన సందర్భాల్లో తప్ప, అమాల్గమ్ వాడకం ఆపేసింది. కాబట్టి మీ పాత ఫిల్లింగ్ అంచులు బాగుంటే వదిలేయండి. పగిలినా, కింద పుచ్చు పట్టినా అప్పుడు మారుద్దురు గాని.

సిమెంట్ ఫిల్లింగ్ అంటే గ్లాస్ అయానోమర్. నాకు ఇది పై పన్ను మొదట్లో, చిగురు అంచున ఉంది. అక్కడ తడి ఆపడం కష్టమని డాక్టర్ దీన్నే ఎంచుకున్నారు. కాగితం మీద పొడీ ద్రవమూ వేసి ప్లాస్టిక్ గరిటెతో గబగబా కలిపి పెట్టేశారు, గట్టిపడ్డాక పైన వార్నిష్ పూశారు. పంటికి రసాయనికంగా అతుక్కుంటుంది, ఫ్లోరైడ్ కొద్దికొద్దిగా విడుదల చేస్తుంది. పాల పళ్ళకీ, వేరు దగ్గర వచ్చే పుచ్చులకీ బాగా పనికొస్తుంది. కానీ కాంపోజిట్ అంత గట్టిది కాదు. నాది కాస్త అరిగి గరుకుగా తయారైంది. నమిలే చోట కాదు కాబట్టి నాకు ఇబ్బంది లేదు. మీది రెండు దవడ పళ్ళ మధ్య, బాగా ఒత్తిడి పడే చోటు. అక్కడ శాశ్వతంగా ఉండాలంటే మాత్రం దీన్ని నేను ఎంచుకోను.

మీ పళ్ళకైతే, రబ్బర్ డ్యామ్ గానీ అంత గట్టిగా తడి ఆపే మరో పద్ధతి గానీ వాడతామంటే కాంపోజిట్ వేయించుకోండి. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే మొహమాటపడకుండా అడగండి: "తడి ఎలా ఆపుతారు? పక్క పంటికి తగిలేలా రింగూ వెడ్జూ వాడతారా?" మంచి డాక్టర్ ఈ ప్రశ్నకి నొచ్చుకోరు. పుచ్చు చిగురు కిందికి దిగి, అక్కడ తడి ఆపడం కుదరదని చెప్తే, పైన నేను చెప్పిన జాగ్రత్తలు మీకు వర్తించకపోతే, అమాల్గమ్ కూడా మంచి ఎంపికే. పంటి గోడలు పలచబడి పోయాయంటే మాత్రం ఏ ముద్దతో నింపినా గోడ విరిగే ప్రమాదం ఉంటుంది. అప్పుడు ల్యాబ్‌లో చేయించి అతికించే ఆన్‌లే (పంటి నమిలే భాగాన్ని కప్పే ముక్క) గానీ క్యాప్ గానీ అడగాలి.

వేయించుకున్నాక కొన్ని రోజులు చల్లటిది తగిలితే జివ్వుమనడం మామూలే, మెల్లగా తగ్గుతుంది. పళ్ళు కలిపినప్పుడు ఆ పన్నే ముందు తగులుతున్నట్టుంటే ఫిల్లింగ్ ఎత్తుగా ఉందని అర్థం. సర్దుకుంటుందిలే అని ఊరుకోకుండా వెళ్ళి రంగు కాగితం కొరికి అరగదీయించుకోండి, నిమిషాల పని. రాత్రిపూట దానంతటదే నొప్పి లేచినా, వేడి తగిలాక పోటు ఎంతసేపటికీ తగ్గకపోయినా విషయం నరం దాకా వెళ్ళి ఉండొచ్చు, ఆలస్యం చేయొద్దు.

ఎక్స్-రే తీశారో లేదో మీరు రాయలేదు. తీసుంటే పుచ్చు నరానికి ఎంత దగ్గరగా ఉందన్నారో, అంచు చిగురు పైనే ఉందో కిందికి దిగిందో చెప్పండి.