కర్బనం 0.3 శాతమే ఉంటే వేసిన ఎరువు ఏమవుతోంది?

యూరియా, డీఏపీ సిఫారసు మేరకు వేస్తున్నా మొక్కజొన్న పసుపు వీడటం లేదని, భూసార పరీక్షలో సేంద్రియ కర్బనం 0.3 శాతమే వచ్చిందని రాశారు. ఈ రెంటికీ గట్టి సంబంధం ఉంది. సేంద్రియ కర్బనం అంటే నేలలో కుళ్లే ఆకు, పేడ, వేళ్ల వంటి సేంద్రియ పదార్థం ఎంత ఉందో చెప్పే కొలత. 0.5 కంటే తగ్గితే ప్రయోగశాలలు ‘తక్కువ’ అనే రాస్తాయి. మీ నేలలాగే మాదీ వరంగల్ వైపు ఎర్ర చెలకే, అంటే తేలికపాటి ఎర్ర నేలే.

నేలలోని నత్రజనిలో 90 శాతానికి పైగా సేంద్రియ పదార్థంలోనే ఉంటుంది. సూక్ష్మజీవులు దాన్ని కుళ్లబెడితేనే మొక్కకు అందుతుంది. పైగా ఎర్ర నేలల్లో బంకమన్ను తక్కువ, ఉన్నదానికీ పోషకాలను పట్టి ఉంచే శక్తి తక్కువ. అమ్మోనియంను, పొటాష్‌ను నిలిపే పని హ్యూమస్సే, అంటే బాగా చివికిన సేంద్రియ పదార్థమే చేయాలి. అది లేకపోతే పెద్ద వానకు ఎరువు వేళ్ల కిందికి దిగిపోతుంది. భాస్వరం అలా కొట్టుకుపోదు, ఇనుము, అల్యూమినియంతో బిగుసుకుపోతుంది. సేంద్రియ పదార్థం చివికేటప్పుడు పుట్టే ఆమ్లాలు ఆ బిగువును కొంత సడలిస్తాయి, జింకును కూడా కరిగే రూపంలో ఉంచుతాయి.

అలాగని వరిగడ్డిని కలియదున్ని వెంటనే విత్తకండి. గడ్డిలో నత్రజని ఒక పాలైతే కర్బనం 60 పాళ్ల పైమాటే. దాన్ని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు నేలలోని నత్రజనినే లాగేసుకుంటాయి, పైరు కొన్ని వారాలు మరింత పాలిపోతుంది. ఇది చూసి, గడ్డి కలిపితే నష్టమని మళ్లీ తగలబెడుతున్నవాళ్లు మా చుట్టుపక్కల ఉన్నారు. నాకు చాలా బాధగా ఉంటుంది.

మాకు బాగా పనిచేసింది జనుము, పచ్చగానే నేలలో కలియదున్నే పచ్చిరొట్ట పైరు. వానాకాలంలో చల్లి, పూత మొదలవగానే, కాండం ముదరకముందే దున్నేసి, యాసంగికి మొక్కజొన్న వేస్తాం. ఆఖరి దుక్కిలో మాగిన పశువుల ఎరువు తోలుతాం. ఒక కారు పంట వదులుకోవడం చిన్న ఖర్చు కాదు, అందుకే ఏటా చేనులో ఒక భాగంలోనే చేస్తాం. పరీక్షలో అంకె నెమ్మదిగానే పెరిగింది, మన ఎండలకు కర్బనం త్వరగా హరించుకుపోతుంది. కానీ ఆకుపచ్చదనం మునుపటి కంటే ఎక్కువ రోజులు నిలుస్తోంది.

ఇప్పుడున్న పైరుకైతే యూరియాను విడతలుగా, తేమ ఉన్నప్పుడే వేయండి. ముందు ఏ ఆకులు పసుపెక్కాయో చూడండి. కింది ఆకులు చివర నుంచి నడి ఈనె వెంట పసుపైతే నత్రజని లోపం. లేత ఆకులు తెల్లబారితే జింకు లోపం కావచ్చు. పరీక్ష పత్రంలో జింకు 0.6 పీపీఎం (పది లక్షల పాళ్లలో 0.6 పాలు) కంటే తక్కువ ఉందేమో చూసి రాయండి.