డయాలసిస్‌ల చలి వణుకు వస్తుంది, నీళ్ల తప్పేనా?

ప్రశ్న: మా బాపుకు మూడేండ్ల సంది డయాలసిస్ నడుస్తుంది, నర్సంపేట నుంచి హన్మకొండకు వారానికి మూడుసార్లు తీస్కపోతం. ఈ నడుమ మెషిన్ ఎక్కిన గంటకే గజగజ వణుకుతున్నడు, ఇంటికొచ్చేసరికి తగ్గుతుంది. పక్క బెడ్డాయన నీళ్లు మంచిగ లేవంటున్నడు, సిస్టర్‌నడిగితే ఆర్వో నీళ్లేనమ్మా అన్నది. ఆర్వో అయితే ఇగ భయం లేనట్టేనా?
– ఒక బిడ్డ, నర్సంపేట

జవాబు: చెల్లె, ముందు వణుకు సంగతి చూద్దాం. బాపుకు మెడల పైపు ఉంటే మొదటి అనుమానం దాని ఇన్ఫెక్షన్ మీదనే, వణుకు రాంగనే డాక్టర్‌ను పిలిచి బ్లడ్ కల్చర్ (రక్తంల సూక్ష్మజీవులున్నయా అని చూసే పరీక్ష) తీయించాలె, ఉత్త పారాసిటమాల్ ఇచ్చి పంపిస్తే ఒప్పుకోకు. అదే షిఫ్టుల ఇంకిద్దరు ముగ్గురికి గూడ చలి వస్తుంటే మాత్రం నీళ్లను చూడాల్సిందే.

ఆర్వో అన్నంత మాత్రాన సరిపోదు. నిమిషానికి 500 మిల్లీలీటర్ల లెక్కన నాలుగు గంటలకు ఆ నీళ్లతోని కలిపిన 120 లీటర్ల డయాలసిస్ ద్రావణం మెషిన్‌ల పారుతది, దానికీ బాపు రక్తానికీ నడుమ ఉండేది సన్నటి పొర ఒక్కటే. ఆర్వో దాటినంక ట్యాంకుల, పైపు మూలలల్ల నీళ్లు నిలిస్తే బ్యాక్టీరియా మళ్ల పెరుగుతది, అది చచ్చినా దాని ముక్కలు, ఎండోటాక్సిన్ అంటరు, పొర దాటి రక్తంల కలుస్తయి. డయాలసిస్ నీళ్లల్ల మిల్లీలీటర్‌కు బ్యాక్టీరియా 100 లోపు, ఎండోటాక్సిన్ 0.25 యూనిట్ల లోపు ఉండాలె. అల్ట్రాప్యూర్ ద్రావణం, అంటే ఇంకా ఎక్కువ శుద్ధి చేసింది, అయితే బ్యాక్టీరియా 0.1 లోపు, ఎండోటాక్సిన్ 0.03 లోపు ఉండాలె.

నాకు ఎక్కువ బాధనిపించేది వణుకు రానోళ్ల గురించే. కొంచెం కొంచెం ఎండోటాక్సిన్ పోతుంటే జ్వరం రాదు గని ఒంట్ల వాపు గుణం ఎప్పటికీ ఆరదు, ఆ వాపును చూపే రక్త పరీక్ష సీఆర్పీ పెరుగుతది, రక్తంల ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పడిపోతది, రక్తం పెరగడానికిచ్చే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లు ఎన్ని ఇచ్చినా హిమోగ్లోబిన్ లేవదు, ఏండ్లు గడిచినంక బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ అనే ప్రోటీన్ మణికట్టుల పేరుకొని చేతివేళ్లు తిమ్మిరెక్కుతయి. అల్ట్రాప్యూర్‌కు మారిన చోట్ల సీఆర్పీ తగ్గడం, ఇంజెక్షన్ల డోసు తగ్గడం స్టడీలల్ల కనిపించింది. ఆయుష్షు గూడ పెరుగుతదని గట్టిగ తేల్చిన ట్రయల్ మాత్రం లేదు.

రసాయనాల ముచ్చట వేరే. నల్లా నీళ్లల్ల సూక్ష్మజీవులను చంపనీకి కలిపే క్లోరిన్, క్లోరమిన్ ఉంటయి, కార్బన్ ట్యాంకు వాటిని పట్టకపోతే ఎర్ర రక్తకణాలు పగులుతయి, అందుకే ప్రతి షిఫ్టుకు ముందు టెస్ట్ చేసి రిజిస్టర్ల రాయాలె. 1996ల బ్రెజిల్‌లోని కరువారు పట్నంల చెరువు నాచు విషం నీళ్లల్ల కలిసి ఒక్క సెంటర్‌ల యాభై మందికి పైగా డయాలసిస్ పేషెంట్లు చనిపోయిండ్రు.

నువ్వు పోయి టెక్నీషియన్‌ను మెల్లగ అడుగు: పోయిన నెల నీళ్ల కల్చర్, ఎండోటాక్సిన్ రిపోర్టులు ఏవి, పైపులైన్ ఎప్పుడు కడిగిండ్రు, మెషిన్ వెనుక అల్ట్రాఫిల్టర్ (బ్యాక్టీరియా, ఎండోటాక్సిన్‌ను ఆపే జల్లెడ) ఉందా, ఎప్పుడు మార్చిండ్రు. ఆరోగ్యశ్రీ మీద ఫ్రీగ చేస్తున్నరని నోరు మూసుకోవద్దు, అడిగే హక్కు ఉంది. చూపియ్యకపోతే కిడ్నీ డాక్టర్‌కు (నెఫ్రాలజిస్ట్) చెప్పి వేరే సెంటర్ చూడు, గని ఈ భయంతోని ఒక్క డయాలసిస్ గూడ ఎగ్గొట్టొద్దు, పొటాషియం పెరిగితే ప్రాణం మీదికొస్తది.