పెన్షన్ డబ్బులతో విమానం నేర్చుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 61. విద్యుత్ శాఖలో రిటైరయ్యాను, వరంగల్‌లో సొంతిల్లు ఉంది. పెన్షన్ నెలకి 42,000, ఇంటి ఖర్చు 34,000. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో 20 లక్షలు వేసి ఏడాదిన్నర అయింది. బ్యాంకు ఎఫ్‌డీ 6 లక్షలు, సేవింగ్స్ ఖాతాలో ఒక లక్ష. పిల్లల బాధ్యతలు అయిపోయాయి. విమానం నడపాలని చిన్నప్పటి నుంచి కోరిక. హైదరాబాద్‌లో కనుక్కుంటే గంటకి 15,000 చొప్పున 40 గంటలకి 6 లక్షలన్నారు, మొత్తం ఒకేసారి కడితే కొంత తగ్గిస్తారట. స్కీమ్‌లోంచి తీయనా, గోల్డ్ లోన్ పెట్టనా? డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయి అక్కడికే వచ్చి నేర్చుకోమంటోంది. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.

జవాబు: సార్, డబ్బు ఎక్కడి నుంచి తీయాలో తర్వాత చూద్దాం, ముందు మీ ఒళ్లు ఒప్పుకుంటుందో లేదో తేల్చుకోండి. మన దేశంలో ప్రైవేట్ పైలట్ లైసెన్స్‌కి గరిష్ఠ వయసంటూ ఏమీ లేదు, 17 నిండి పదో తరగతి పాసైతే చాలు. కానీ మన విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ పెట్టిన క్లాస్ 2 మెడికల్ అనే ఆరోగ్య పరీక్ష గట్టెక్కాలి. వాళ్ల ఈజీసీఏ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని, డీజీసీఏ జాబితాలో ఉన్న డాక్టరు దగ్గరికే వెళ్లాలి, మన ఫ్యామిలీ డాక్టరు సర్టిఫికెట్ చెల్లదు. కళ్లు, చెవులు, ఈసీజీ, రక్త పరీక్షలు అన్నీ చూస్తారు. బీపీ మాత్రలతో అదుపులో ఉంటే అంతటితో కథ ముగిసిపోదు గానీ, ఇన్సులిన్ తీసుకుంటుంటే చాలా కష్టం. మీరు షుగర్ సంగతి ఏమీ రాయలేదు. చాలామంది స్కూలుకి ఫీజు కట్టేసి ఆ తర్వాత తీరిగ్గా మెడికల్‌కి వెళ్తారు, అక్కడ ఏదైనా తేడా వస్తే ఆ ఫీజు వెనక్కి రాబట్టుకోవడం తలకు మించిన పని. మీరు మాత్రం మెడికల్ చేతికొచ్చేదాకా ఎవరికీ ఒక్క రూపాయి కట్టకండి.

ఇక ఆ 6 లక్షల లెక్క. 40 గంటలనేది రూల్ ప్రకారం కనీసం ఎగరాల్సిన సమయం, అంతలోనే వచ్చేస్తుందని ఎవరూ మాటివ్వలేరు. 20 ఏళ్ల కుర్రాళ్లకే తరచూ దాటిపోతుంది. మీ వయసులో, వరంగల్ నుంచి వస్తూ పోతూ నేర్చుకుంటే నేనైతే 55 గంటలు వేసుకుంటాను. అంటే 8,25,000. పైగా ట్రైనింగ్ విమానాలు ఎక్కువగా పొద్దున్నే ఎగురుతాయి, ఎందుకంటే ఎండెక్కితే గాలి కుదుపులు మొదలవుతాయి, కొత్తవాళ్లకి అందులో ల్యాండింగ్ నేర్పడం కష్టం. పొద్దున 6 గంటల స్లాట్ అంటే మీరు ముందు రోజే రైలెక్కి సికింద్రాబాద్‌లో లాడ్జిలో పడుకోవాలి. ఒక్కో ట్రిప్పుకి 2,500 వేసుకోండి. ట్రిప్పుకి గంటన్నర ఎగిరారనుకున్నా 37 ట్రిప్పులకి 92,500. మెడికల్, హెడ్‌సెట్, పుస్తకాలు, రేడియో లైసెన్స్, పరీక్షల ఫీజులు, చివర్లో చెక్ ఫ్లైట్ అన్నీ కలిపితే 10 లక్షల దగ్గరికి వచ్చి ఆగుతుంది. స్కూలువాళ్లు అబద్ధమేమీ చెప్పలేదు, వాళ్లకి వచ్చే ముక్క వరకే చెప్పారు.

ఇంకొకటి అడిగి తెలుసుకోండి, గంట ఎక్కడి నుంచి ఎక్కడికి లెక్కేస్తారో. చాలాచోట్ల విమానం కదిలినప్పటి నుంచి తిరిగొచ్చి ఆగేదాకా మీటర్ తిరుగుతూనే ఉంటుంది. బేగంపేటలాంటి చోట వీఐపీ విమానం వస్తోందని టవర్ మిమ్మల్ని ట్యాక్సీవే మీద, అంటే రన్‌వేకి వెళ్లే దారిలో, ఆపితే, ప్రొపెల్లర్ తిరుగుతూ ఉన్న ఆ 10 నిమిషాలకీ గంటకి 15,000 లెక్కన మీరే కట్టుకోవాలి, సిగ్నల్ దగ్గర ఆగిన ఆటోలో కూర్చున్నట్టే. నాదర్‌గుల్‌లాంటి చిన్న ఎయిర్‌స్ట్రిప్‌లో ఈ వెయిటింగ్ తక్కువ. అందుకే రెండు స్కూళ్లని పోల్చేటప్పుడు గంట రేటు ఒక్కటే చూస్తే తెలియదు, ఆ గంటలో ఎన్ని ల్యాండింగ్‌లు చేయిస్తారో అడగండి.

ఈ రేటు ఇంతెందుకని మీకు అనిపించే ఉంటుంది. ట్రైనింగ్‌లో వాడే రెండు సీట్ల సెస్నా 152 చూడ్డానికి స్కూటర్‌కి రెక్కలు తొడిగినట్టు ఉన్నా, తాగేది ఏవీగ్యాస్ 100ఎల్ఎల్ అనే విమానాల పెట్రోలు. 2022 సెప్టెంబర్‌లో ఇండియన్ ఆయిల్ మన దేశంలో తయారీ మొదలుపెట్టే దాకా దాన్ని బయటి నుంచే తెప్పించుకునేవాళ్లం. విడిభాగాలు ఇప్పటికీ డాలర్లలోనే. కాబట్టి బేరం ఆడితే తగ్గేది కొంచెమే.

ఇప్పుడు అసలు మాట. మీకు కావలసింది లైసెన్సా, విమానం నడపడమా? ప్రైవేట్ లైసెన్స్‌తో మీరు డబ్బు తీసుకుని ఎవర్నీ ఎక్కించుకోలేరు, ఉద్యోగం రాదు. అది వచ్చాక కూడా ఎగరాలంటే మళ్లీ గంటకింత అద్దె కట్టాల్సిందే, మెడికల్ రెన్యూ చేయించుకోవాల్సిందే, చేయి మరిచిపోకుండా ఏటా కొన్ని గంటలు ఎగరాల్సిందే. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, అందులో లైసెన్స్ అన్న మాటే లేదు, 'నడపాలని' అని ఉంది. అందుకే మీ లక్ష్యం ఫస్ట్ సోలో దగ్గర పెట్టుకోమంటాను. పక్క సీట్లోంచి ఇన్‌స్ట్రక్టర్ దిగిపోయి తలుపేసి, ఒక రౌండ్ కొట్టి రమ్మంటాడు. దానికి స్టూడెంట్ పైలట్ లైసెన్స్ చాలు, స్కూల్లోనే పరీక్ష పెట్టి ఇస్తారు. అక్కడిదాకా వెళ్లాక ఇంకా మనసు లాగితే, చేతిలో డబ్బుంటే ముందుకెళ్లండి. ఎగిరిన ప్రతి గంటా లాగ్‌బుక్‌లో ఉంటుంది, ఆ కష్టం ఎక్కడికీ పోదు.

మీ డబ్బు చూద్దాం. స్కీమ్‌లో 20 లక్షలకి 8.2 శాతం చొప్పున మూణ్ణెల్లకోసారి 41,000, ఏడాదికి 1,64,000 వస్తోంది. దాన్ని ముట్టుకోవద్దు. కావలసినంత తీసుకుని మిగతాది ఉంచుతానంటే కుదరదు, ఖాతా మొత్తం మూసేయాలి. రెండేళ్లలోపు మూస్తున్నారు కాబట్టి డిపాజిట్‌లో ఒకటిన్నర శాతం, అంటే 30,000 కోసుకుంటారు. నేల మీదే రెండు గంటల డబ్బు పోయినట్టు. గోల్డ్ లోన్ మాట మళ్లీ ఎత్తకండి, తిరిగి సంపాదించే వయసు కాదు, సరదా కోసం నగలు బ్యాంకులో పెట్టడమేంటి సార్?

ఆ వడ్డీలో సగం, 82,000, ధరలు పెరుగుతాయి కాబట్టి తిరిగి పొదుపులోకే పోవాలి. మిగతా 82,000 మీ సరదాకి. ఎఫ్‌డీలోంచి ఒక్కసారికి 2 లక్షలు తీయండి. ఎఫ్‌డీలో 4, సేవింగ్స్‌లో 1 కలిపి 5 లక్షలు మిగులుతాయి, ఏడాదికి పైగా ఇంటి ఖర్చు. పెన్షన్‌లో నెలకి మిగిలే 8,000 ఇన్సూరెన్స్ ప్రీమియంకీ ఇంటి రిపేర్లకీ వదిలేయండి. కొత్త పన్ను విధానంలో మీ ఆదాయానికి పన్ను పడదు, ఆ టెన్షన్ లేదు. అంటే మీ బడ్జెట్ 2,82,000. 15 గంటలకి 2,25,000, మెడికల్, కాగితాలకి 20,000, పది ట్రిప్పులకి 25,000, మొత్తం 2,70,000. పదిహేనులో సోలో అయిపోతుందనుకోవద్దు, ఇరవై కూడా పట్టొచ్చు. ఇంకో 5 గంటలకి 75,000 కావాలి, దానికి మరుసటి ఏడాది సగం వడ్డీ ఉంది.

ఇందులో ఒక మెలిక ఉంది. నెలకో గంట చొప్పున లాగుదామనుకుంటే డబ్బు వృథా, ప్రతిసారీ సగం సమయం పోయినసారి నేర్చుకున్నది గుర్తు చేసుకోవడానికే పోతుంది. అందుకని వానాకాలం అయ్యేదాకా డబ్బు పోగేసుకుని, నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపు వారానికి రెండుసార్లు చొప్పున ఒకే ఊపులో ఎగరండి. డిసెంబర్, జనవరిలో పొగమంచు వల్ల పొద్దుటి స్లాట్ జరిగిపోతుంటుంది, లాడ్జి ఖర్చులో అది కొంచెం కలుపుకోండి.

ఈలోపు పైసా ఖర్చు లేకుండా చేయగలిగింది ఒకటుంది. సెస్నా కాక్‌పిట్ ఫొటో పెద్దగా ప్రింట్ తీయించి గోడకి అంటించండి, ఎదురుగా డైనింగ్ కుర్చీ వేసుకుని చెక్‌లిస్ట్ పైకి చదువుతూ ఒక్కో స్విచ్ మీదా వేలు పెట్టండి. ఫ్యూయల్ వాల్వ్, మిక్స్చర్, కార్బ్ హీట్, మాస్టర్ స్విచ్. నెల రోజులు చేస్తే కళ్లు మూసుకుని కూడా చేయి తిన్నగా అక్కడికే పోతుంది. కాక్‌పిట్‌లో వెతుక్కుంటూ కూర్చునే ప్రతి నిమిషానికీ 250 రూపాయలు మరి.

ఒకేసారి కడితే తగ్గిస్తామన్నారు కదా, ఆ తగ్గింపు వదిలేయండి. నా దగ్గరికి వచ్చే ఒకాయన ఒక స్కూల్లో మొత్తం ఫీజు ముందే కట్టారు, తర్వాత నెలల తరబడి ఒక విమానం రిపేర్‌లో, ఇన్‌స్ట్రక్టర్ ఇంకోచోటికి మారిపోయాడు, ఈయన ఫోన్ చేసినప్పుడల్లా వచ్చే వారం అనే జవాబే. ఐదేసి గంటలకి కట్టండి, మిగిలిన గంటలకి డబ్బు ఎప్పుడు, ఎంత వెనక్కిస్తారో కాగితం మీద రాయించుకోండి. రాసివ్వమంటే మొహం మార్చుకునే స్కూలుకి వెళ్లకండి.

మీకు పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ ఉంటే బయటికి తీసి ఎక్స్‌క్లూజన్స్ పేజీ చదవండి. విమానంలో ప్రయాణికుడిగా ఉంటేనే కవర్, నడుపుతూ ఏదైనా జరిగితే లేదు అని చాలా పాలసీల్లో ఉంటుంది. స్కూలు ఇన్సూరెన్స్‌లో ట్రైనీకి ఎంత కవర్ ఉందో అడిగి కాపీ తీసుకోండి. అన్నట్టు, ఈ పేజీ మీ ఆవిడకి కూడా చూపించాలి. ఆమెకి చెప్పకుండా ఎఫ్‌డీ కదిలించే పని పెట్టుకోకండి. నామినీ ఆవిడే కదా, పొద్దున 6 గంటలకి మీరు గాల్లో ఉంటే వరంగల్‌లో ఫోన్ పట్టుకుని కూర్చునేదీ ఆవిడే.

వరంగల్ పక్కన మామునూరు ఎయిర్‌పోర్ట్ వచ్చేస్తోంది, అప్పుడు ఇక్కడే నేర్చుకోవచ్చు కదా అని మీ మనసులో ఉండొచ్చు. కేంద్రం 2025 ఫిబ్రవరిలో పచ్చజెండా ఊపింది నిజమే, కానీ అది ప్రయాణికుల విమానాల కోసం. దాన్ని నమ్ముకుని ఆగితే మెడికల్‌కి మీ వయసే అడ్డం రావొచ్చు.

డల్లాస్ మాట. విజిటర్ వీసా మీద వెళ్లి పూర్తి కోర్సు చేద్దామనుకోవద్దు, పైగా విదేశీయులు అక్కడ విమానం నేర్చుకోవాలంటే అక్కడి రవాణా భద్రతా సంస్థ టీఎస్ఏ చేసే తనిఖీ దాటాలి, ఇక్కడికొచ్చాక ఆ లైసెన్స్‌ని మన లైసెన్స్‌గా మార్చుకోవడం ఇంకో తతంగం. అయితే డిస్కవరీ ఫ్లైట్ అని ఒకటుంటుంది, ఇన్‌స్ట్రక్టర్‌ని పక్కన పెట్టుకుని అరగంటో గంటో కంట్రోల్స్ మీ చేతికిస్తారు, దానికి ఆ తనిఖీ అక్కర్లేదు. ఈసారి అమెరికా వెళ్లినప్పుడు అది ఎక్కి చూడండి. కడుపులో తిప్పుతుందో, దిగబుద్ధి కావట్లేదో అక్కడే తెలిసిపోతుంది, ఇక్కడ ఎఫ్‌డీ విరగ్గొట్టక ముందే. 200 డాలర్ల చుట్టుపక్కల అవుతుంది, అమ్మాయి కడతానంటే వద్దనకండి.