కొత్త సన్‌స్క్రీన్‌ను ముందు వట్టి ముఖానికి రాసి చూడు

చిరంజీవి అమ్మలుకు,

ఆశీస్సులు. మేకప్ కింద రోజూ వేసుకోవడానికి కొత్త సన్‌స్క్రీన్ తెచ్చుకున్నావని, రేపు ఆఫీసుకు అదే వేసుకుని వెళ్తావని రాశావు. రేపు వద్దమ్మా. కొత్త సన్‌స్క్రీన్‌ను మొట్టమొదటిసారే మేకప్ కింద వేసి చూస్తే అది మంచిదో కాదో ఎప్పటికీ తేలదు. సాయంత్రానికి ముఖం జిడ్డు కారినా, కళ్లు మండినా, నుదుటి మీద ఫౌండేషన్ పొట్టుపొట్టుగా లేచినా తప్పు దేనిదో చెప్పలేవు. కింద రాసిన మాయిశ్చరైజర్‌దా, సన్‌స్క్రీన్‌దా, పైన, ఫౌండేషన్ నున్నగా కూర్చోవడానికి వేసిన ప్రైమర్‌దా? ఇన్నేళ్లుగా రకరకాల ముఖాలకు మేకప్ వేస్తూ చూస్తున్నాను, ఏ లోపమూ లేని సన్‌స్క్రీన్‌లు కూడా ఇలా తొందరపాటు వల్ల చెడ్డపేరు తెచ్చుకుని అటకెక్కుతాయి.

మొదట చేతి మీద చూడు. మోచేతి మడత లోపలివైపు, రెండు వేళ్లు పట్టేంత చోట, ముఖానికి ఎంత మందంగా రాస్తావో అంతే మందంగా రోజుకు రెండుసార్లు రాయి. వారం రోజులపాటు అదే చోట రాయాలి. చాలామంది ఒక్కసారి రాసి, గంటసేపు చూసి, ఏమీ కాలేదని ముఖానికి పూసేస్తారు. అలర్జీ అంత తొందరగా బయటపడదు. ఒంటికి పడనిదైతే ఎర్రబడటం, దురద, చిన్న పొక్కులు కొన్ని రోజులు గడిచాక కూడా రావచ్చు. పైగా కొన్ని సన్‌స్క్రీన్ పదార్థాలు ఎండ తగిలితేనే చర్మానికి పడవు. బట్టల చాటున ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది, ఎండలోకి వెళ్లాక దద్దు లేస్తుంది. అందుకని చేతి పరీక్ష అయ్యాక దవడ అంచున, చెవి కింద ఒకటి రెండు రోజులు రాసుకుని మామూలుగా బయట తిరుగు. నొప్పులకు రాసుకునే కీటోప్రొఫెన్ జెల్ ఎప్పుడైనా పడక దద్దుర్లు వచ్చి ఉంటే మాత్రం, ఆక్టోక్రిలీన్ ఉన్న సన్‌స్క్రీన్ జోలికి డాక్టర్‌ను అడగకుండా వెళ్లకు. ఆ రెండూ పడనివాళ్లు ఉన్నారు. మొటిమలకో మచ్చలకో రెటినాయిడ్ క్రీము కొత్తగా మొదలుపెట్టిన రోజుల్లో కూడా ఈ పరీక్ష వద్దు. అప్పుడు చర్మం పచ్చిగా ఉంటుంది, ఏది రాసినా చురుక్కుమంటుంది.

ఈ వారంలో ట్యూబు మీద ఏముందో తీరిగ్గా చదువుకో. ఎస్పీఎఫ్ అనే అంకె ముఖ్యంగా ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో యూవీబీ అనే రకం సంగతి చెబుతుంది, అంటే చర్మం కమిలి ఎర్రబడకుండా కాపాడే శక్తి. 30 ఉంటే వాటిలో సుమారు 97 శాతాన్ని, 50 ఉంటే సుమారు 98 శాతాన్ని ఆపుతుంది. కాబట్టి 30కి తగ్గకుండా ఉంటే చాలు, అంకె పెద్దదని పొంగిపోనక్కర్లేదు. నువ్వు రోజంతా కిటికీ పక్కన కూర్చుంటానన్నావు కనుక నాకు అంతకన్నా ముఖ్యంగా కనిపించేది యూవీఏ అనే రెండో రకం. కిటికీ అద్దం యూవీబీని చాలావరకు ఆపుతుంది కానీ యూవీఏను అంతగా ఆపదు. చర్మం రంగు మారడంలో, మచ్చలు ముదరడంలో, తొందరగా ముడతలు పడటంలో దాని పాత్ర చాలా ఉంది. పీఏ అన్న అక్షరాల పక్కనుండే ప్లస్ గుర్తులు దాని గురించే. నాలుగు ప్లస్‌లు ఆ కొలతలో అన్నిటికన్నా పై మెట్టు. కొన్ని ట్యూబుల మీద పీఏ బదులు వలయంలో యూవీఏ అని ఉంటుంది. ఎస్పీఎఫ్‌లో కనీసం మూడో వంతు యూవీఏ రక్షణ ఉందని దాని అర్థం. ఇవేవీ లేకుండా, కనీసం బ్రాడ్ స్పెక్ట్రమ్ అన్న మాటైనా లేకుండా, ఎస్పీఎఫ్ అంకె ఒక్కటే పెద్దగా అచ్చేసిన ట్యూబును నేనైతే నమ్మను.

బుగ్గల మీద మంగు ఛాయ కనిపిస్తోందని అక్క చెప్పింది. అదే నిజమైతే ఇంకో మాట కూడా వినాలి. మంగు ముదరడానికి అతినీలలోహిత కిరణాలే కాదు, కంటికి కనిపించే మామూలు వెలుతురు కూడా కారణమవుతుంది, చామనఛాయ, నలుపు చర్మాల్లో మరీ ఎక్కువగా. మామూలు సన్‌స్క్రీన్ ఆ వెలుతురును ఆపలేదు. ఐరన్ ఆక్సైడ్ కలిపిన రంగు సన్‌స్క్రీన్ కొంత ఆపుతుంది. ఫౌండేషన్‌కు రంగునిచ్చేది కూడా ఐరన్ ఆక్సైడే కనుక, సన్‌స్క్రీన్ మీద దాన్ని సరిగ్గా పరిస్తే ఈ విషయంలో నీకు మేలే జరుగుతుంది.

ఇక ముఖానికి రాసే రోజు. సెలవు రోజు ఎంచుకో, ఆ రోజు మేకప్ వేయకు. ఇక్కడే ఎక్కువమంది తప్పుదారి పడతారు, ఎందుకంటే పరీక్ష కోసం రాసే సన్‌స్క్రీన్ చాలా తక్కువగా రాస్తారు. ట్యూబు మీద అచ్చేసిన ఎస్పీఎఫ్‌ను ప్రయోగశాలలో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున పూసి కొలుస్తారు. మనం మామూలుగా పూసుకునేది అందులో సగం కూడా ఉండదు. సగం పూస్తే రక్షణ కూడా సగానికో, అంతకన్నా కిందికో పడిపోతుంది. పలచగా కొట్టిన సున్నంలోంచి పాత గోడ కనిపించినట్టే, పలచగా పూసిన సన్‌స్క్రీన్‌లో ఎక్కడికక్కడ ఖాళీలు ఉండిపోతాయి. ముఖానికీ మెడకూ కలిపి చూపుడువేలు, మధ్యవేలు రెండింటి మీదా మొదలు నుంచి కొస దాకా గీత గీసినట్టు ట్యూబు పిండు. చూడటానికి చాలా ఎక్కువ అనిపిస్తుంది. అంతా ఒకేసారి పూస్తే జారిపోతుంది కనుక ముందు ఒక వేలిది ముఖమంతా చుక్కలుగా పెట్టి పరుచు, అది చర్మానికి పట్టాక రెండో వేలిది వేయి. చెవులు, దవడ కింది భాగం, కణతల దగ్గర జుట్టు మొదలయ్యే చోటు మరిచిపోకు.

కొత్త సన్‌స్క్రీన్‌కు అసలు పరీక్ష ఇదే. చిటికెడు రాసినప్పుడు బాగా లేని సన్‌స్క్రీన్ అరుదు. రెండు వేళ్ల నిండా రాసినా రోజూ భరించగలవా అన్నది చూడాలి. భరించలేకపోతే నువ్వు రేపటి నుంచి తెలియకుండానే తగ్గించి రాస్తావు, ఎస్పీఎఫ్ 50 కొన్నా అది ముఖం మీదికి రాదు.

రాసిన వెంటనే అద్దంలో చూసి నిర్ణయించకు. 15 నిమిషాలు ఆగి, కిటికీ దగ్గరికి వెళ్లి పగటి వెలుతురులో చూడు. గదిలో దీపాల కింద ఏ సన్‌స్క్రీనైనా అందంగానే ఉంటుంది. కనుబొమల వెంట్రుకల మొదట్లో తెల్లగా పేరుకుందా? ముక్కు పక్క మడతలో గీతలా నిలిచిందా? పై పెదవి మీది నూగులో చిక్కుకుందా? ముఖాన్నీ, ఏమీ రాయని ఛాతీ పైభాగాన్నీ పక్కపక్కన చూడు. ముఖం బూడిదరంగుకు తిరిగితే అందులో జింక్ ఆక్సైడో టైటానియం డయాక్సైడో ఎక్కువుందని అర్థం. ఈ రెండూ సున్నితమైన చర్మానికి బాగా పడతాయి కానీ మన రంగు మీద తేలిపోయి కనిపించడం వీటితో ఉన్న ఇబ్బంది. ఆ తెలుపును ఫౌండేషన్‌తో కప్పేద్దామనుకోకు. పైన ఎంత మంచి షేడ్ వేసినా ఉదారంగు తిరుగుతుంది, చెమట పట్టిన చోట చారలు బయటపడతాయి. అలాంటప్పుడు రసాయనిక ఫిల్టర్లు, అంటే తెల్లగా తేలకుండా కిరణాలను పీల్చుకునే పదార్థాలు ఉన్నదో, నీ రంగుకు దగ్గరగా ఉండే రంగు సన్‌స్క్రీనో చూసుకోవాలి. ఇంకెవరైనా తెల్లగా కనిపిస్తున్నావని మెచ్చుకున్నా పట్టించుకోకు. నీ ముఖం నీ మెడ రంగులోనే ఉండాలి, సన్‌స్క్రీన్ పని నీ చర్మాన్ని కాపాడటమే.

ఆ రోజంతా దాన్ని అలాగే ఉంచు. కళ్ల సంగతి మధ్యాహ్నానికి తెలుస్తుంది, చెమటతో పాటు సన్‌స్క్రీన్ కంట్లోకి జారితే మండుతుంది. మిగతా ముఖానికి హాయిగా ఉండి కళ్లు మాత్రమే మండితే దాన్ని వదులుకోనక్కర్లేదు. కళ్ల చుట్టూ జింక్ ఆక్సైడ్ ఉన్న స్టిక్ వాడి, మిగతా చోట ఇదే వాడుకోవచ్చు. స్టిక్‌లోని మైనం వల్ల అది అంతగా జారదు.

జిడ్డు విషయంలో నా అనుభవం చెబుతాను. జిడ్డు చర్మం ఉన్నవాళ్లు మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్, ప్రైమర్ మూడూ వేసుకుని సన్‌స్క్రీన్‌ను తిట్టుకుంటారు. క్రీములా ఉండే సన్‌స్క్రీన్‌లో తేమనిచ్చే పదార్థాలు ముందే ఉంటాయి. నీ చర్మానికి పొద్దున మాయిశ్చరైజర్ మానేసి చూడు, చాలాసార్లు సమస్య అక్కడితోనే తీరిపోతుంది. పొడి చర్మమైతే మానొద్దు, కానీ పలచగా రాసి పూర్తిగా ఇంకనివ్వాలి.

వట్టి ముఖానికి రెండు మూడు రోజులు సజావుగా గడిస్తే అప్పుడు మేకప్. ఫౌండేషన్ కింద సన్‌స్క్రీన్ పొట్టులా రాలడం అందరికీ ఎదురయ్యేదే. సన్‌స్క్రీన్ ఆరేటప్పుడు చర్మం మీద సన్నని పొరగా బిగుసుకుంటుంది. సగం బిగిసిన పొరను వేలితో రుద్దితే అది చుట్టుకుని సన్నని ఉండలవుతుంది. కింద సిలికోన్ ఎక్కువున్న సీరమో, పైన దానితో కలవని ప్రైమరో ఉంటే ఇంకా ఎక్కువ. ముఖం పాడుచేసుకోకుండా ముందే తెలుసుకోవాలంటే, నువ్వు రోజూ వేసుకునే వరుసలోనే అన్నీ చేతి వెనక భాగం మీద వేసి, ఆరాక వేలితో మెల్లగా రుద్ది చూడు. ఉండలు కడితే వరుసలోంచి ఒక్కొక్కటే తీసేస్తూ చూడు. నా లెక్కలో మొదట పోవాల్సింది ప్రైమర్. సన్‌స్క్రీన్ నున్నగా ఆరితే దాని అవసరమే ఉండదు.

మేకప్ వేసేటప్పుడు చేతిని అదుపులో పెట్టుకో. సన్‌స్క్రీన్ రాశాక 10 నుంచి 15 నిమిషాలు ఆగు. ఈలోగా జుట్టు దువ్వుకో, చీరో డ్రెస్సో కట్టుకో. వేలి వెనకవైపు బుగ్గకు ఆనిస్తే అంటుకోకూడదు, జారకూడదు. అప్పుడు తడి చేసి పిండిన స్పాంజితో ఫౌండేషన్‌ను అద్దుతూ వెళ్లు. గట్టి కుచ్చు బ్రష్‌తో గుండ్రంగా తిప్పితే కింది పొర లేచిపోతుంది, అంతసేపు ఓపిగ్గా పూసిన రక్షణ బ్రష్‌కు అంటుకుని పోతుంది. పని తొందరగా అవుతుందని సన్‌స్క్రీన్‌నూ ఫౌండేషన్‌నూ అరచేతిలో కలిపి పూయకు. సన్‌స్క్రీన్ పొర సమంగా పరుచుకునేలా తయారుచేస్తారు, వేరేదానితో కలిపితే ఆ అమరిక చెడుతుంది. ఫౌండేషన్ మీద ఎస్పీఎఫ్ 20 అని ఉన్నా దాన్ని కింది 30కి కలిపి 50 అనుకోవద్దు. అంకెలు అలా కూడవు, పైగా ఫౌండేషన్‌ను రెండు వేళ్ల నిండా ఎవరూ పూసుకోరు.

మధ్యాహ్నం మళ్లీ రాయడం గురించి అడిగావు. ఎండలో తిరిగే రోజైతే రెండు గంటలకోసారి, చెమట పట్టి తుడుచుకుంటే అప్పుడే. కిటికీకి దూరంగా లోపలే ఉండే రోజున అంత పట్టుదల అక్కర్లేదు, భోజనానికి బయటికి వెళ్లే ముందు ఒకసారి చాలు. టిష్యూతో జిడ్డును అద్ది తీసి, స్పాంజి మీద సన్‌స్క్రీన్ వేసుకుని ముఖమంతా ఒత్తుతూ రెండు మూడు విడతలుగా వేయి. ఎస్పీఎఫ్ పౌడర్ జిడ్డు తగ్గించడానికి బాగుంటుంది కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకుని ఎండలోకి వెళ్లకు. అంత రక్షణ కావాలంటే ఎంతో పౌడర్ పూయాలి. ఫంక్షన్‌కు ఫొటోలు ఉన్న రోజు జింక్, టైటానియం ఎక్కువున్న సన్‌స్క్రీన్ వేసుకుంటే ముందుగా ఫ్లాష్‌తో ఒక ఫొటో తీసి చూసుకో, ముఖం తెల్లగా వెలిగిపోవచ్చు.

లేత రంగు బట్టల మెడపట్టీల మీద తుప్పురంగు మరకలు పడితే కంగారు పడకు. అవోబెంజోన్ అనే ఫిల్టర్ నీళ్లలోని ఇనుముతో కలిస్తే అలా అవుతుంది. మెడకు రాసింది పూర్తిగా ఆరాకే బట్ట తొడుక్కో. రాత్రి ఇంటికి వచ్చాక వట్టి ఫేస్‌వాష్ సరిపోదు. ముందు క్లెన్సింగ్ ఆయిలో బామో పొడి ముఖం మీద మర్దన చేసి కరిగించి, ఆ తర్వాత ఫేస్‌వాష్‌తో కడుగు. కడగడంలో లోపం వల్ల వచ్చే మొటిమలకు కూడా సన్‌స్క్రీన్‌నే అంటుంటారు.

నిజంగా సన్‌స్క్రీన్ వల్లే రంధ్రాలు మూసుకుంటుంటే అది ఒక్క రోజులో తేలదు, కొన్ని వారాలు పడుతుంది. ఆ వారాలన్నీ ముఖానికి ఇంకే కొత్త వస్తువూ మొదలుపెట్టకు. మంట, దురద, వాపు వస్తే మాత్రం సర్దుకుంటుందని చూస్తూ కూర్చోవద్దు. ఆ పూటే కడిగేసి మానేయి, రెండు రోజుల్లో తగ్గకపోతే చర్మవ్యాధుల డాక్టర్‌కు ట్యూబుతో సహా చూపించు. అలర్జీ లేకుండా కేవలం ముఖానికి నప్పకపోతే పారేయకు, చేతులకూ పాదాలకూ వాడెయ్. వేడెక్కే కారులో మాత్రం వదలొద్దు, ట్యూబు మీది మూత తెరిచిన డబ్బా బొమ్మలో ఎన్ని నెలలని ఉందో, మూత తీసిన నాటి నుంచి అంతలోపే ముగించు.

నువ్వు పొద్దున ముఖానికి రాసేవన్నీ వరుసగా రాసి పంపు. ఏది ఉంచాలో ఏది తీసేయాలో చూసి చెబుతాను.

ప్రేమతో,
నీ పిన్ని