తాళం తిప్పితే ఉలుకూ పలుకూ లేని జీపు

హెడ్‌లైట్లు, హారన్, సెల్ఫ్ ఒకేసారి పోయాయని, కొత్త బ్యాటరీ వేసినా కళింగపట్నంలో మీ పాత డీజిల్ జీపులో చలనం లేదని రాశారు. అన్నీ కలిసి పోయాయంటే ఒక్కొక్క వైరూ వెతకనక్కరలేదండీ, లోపం వాటన్నింటికీ ఉమ్మడిగా ఉన్న దారిలోనే ఉంటుంది.

ముందు ఎర్తు, అంటే బ్యాటరీ మైనస్‌ను ఇంజిన్‌కూ బాడీకీ కలిపే పట్టీ, చూడండి. సముద్రపు గాలికి ఆ పట్టీ పైకి బాగానే కనిపిస్తూ లోపల చిలుము పట్టిపోతుంది. బ్యాటరీ దగ్గర మల్టీమీటర్ 12.6 వోల్టులు చూపాలి. లైట్ల స్విచ్ వేసి ఉంచి బ్యాటరీ మైనస్‌కూ ఇంజిన్‌కూ మధ్య, తరువాత మైనస్‌కూ బాడీకీ మధ్య కొలవండి. దాదాపు సున్నా రావాలి. వోల్టులు కనిపిస్తే దొంగ దొరికినట్టే.

అక్కడ దొరకకపోతే నా అనుమానమంతా ఆమీటర్ (కరెంటు ఎంత పోతోందో చూపే మీటర్) మీదే. చాలా పాత జీపుల్లో సెల్ఫ్ మోటారు లాగేది తప్ప దాదాపు మొత్తం కరెంటు, సెల్ఫ్‌ను కదిలించే తాళం స్విచ్‌కు వెళ్ళేదీ, దాని గుండానే పోతుంది. లైట్లు వేసే ఉంచి టెస్ట్ ల్యాంప్ (వైర్లున్న చిన్న పరీక్ష బల్బు) ఒక కొస బాడీకి తగిలించి, రెండో కొస దాని రెండు బోల్టులకూ ఒక్కొక్కటిగా ఆనించండి. ఒకవైపే వెలిగితే అదే పోయింది. శ్రీకాకుళంలో ఒక మెకానిక్ నా చేత ఆల్టర్నేటర్ కొనిపించాడు. చివరికి తేలింది ఆమీటర్ వెనక వదులైన నట్టు! బిగించే ముందు మాత్రం బ్యాటరీ మైనస్ తీసేయండి.